ముక్కు మాస్టారి తనిఖీ

"ఊదు," అన్నాడు భర్త.

ఆమె ఊదింది. ఆయన ఆమె ముఖంలోకి ఒక్క క్షణం తేరిపార చూశాడు.

"వేసుకోలేదు. డబ్బా పట్రా."

ఆమె గొణుక్కుంటూ వెళ్లి చేపనూనె గోళీల డబ్బా తెచ్చింది. టీ కంపెనీలో ఆయనకు ముక్కు మాస్టారని పేరు. గుప్పెడు ఆకు వాసన చూసి, అది ఏ కొండ మీద, ఏ నెలలో కోసిందో చెప్పేవాడని అక్కడ కథలు కథలుగా చెప్పుకునేవారు. అలాంటి మొగుడి దగ్గర వాసన దాచాలనుకోవడం పోలీసు ఇంట్లో దొంగతనానికి దిగడమే.

ఆమెది బేకరీలో కేకుల మీద క్రీముతో పువ్వులు వేసే పని. ఆయన జ్వరంతో మంచం పట్టి లేచిన కొన్నాళ్లకే ఆమెకు లూపస్ అని తేలింది. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటి మీద తిరగబడే జబ్బు అది. పొద్దున లేచేసరికి వేళ్లు కొయ్యబారిపోయేవి. క్రీము సంచీ పిండడం మాట దేవుడెరుగు, దువ్వెన పట్టుకోవడమే గగనమైపోయింది. వేళ్లు మళ్లీ మాట వింటేనే ఉద్యోగం. బేకరీ యజమాని ఆమె స్టూలు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు.

డాక్టరమ్మ మందులు రాసింది. "చేపనూనె కూడా వేసుకోండి. కొందరికి పనిచేస్తుంది, కొందరికి చేయదు. అది మందులకు తోడే తప్ప మందు కాదు. మందులు మాత్రం మానొద్దు," అంది. తర్వాత ఆయన వైపు తిరిగి, "దిగులు పడితే ఈ జబ్బు ఇంకా రేగుతుంది. దిగులు కబుర్లేవీ ఈవిడ చెవిన వేయకండి," అని గట్టిగా చెప్పింది.

మందులు ఆమె బుద్ధిగా మింగేది. పేచీ అంతా చేపనూనెతోనే. మింగిన గంటకి ఒక్క త్రేన్పు వస్తే చాలు, చేపల బజారంతా గొంతులోకొచ్చి కూర్చునేది. అందుకని గోళీని గుట్టుచప్పుడు కాకుండా పూలకుండీలో పాతేసేది. సాయంత్రం ఆయన రావడం, ఊదమనడం, ఆమె దొరికిపోవడం.

"ఆ ముక్కుకి జలుబైనా చేయదేం," అని విసుక్కునేది.

ఆయన నవ్వి పేపరు అందుకునేవాడు.

ఒకరోజు మహా తెలివిగా గోళీకి సూది గుచ్చి, నూనె పెదవులకు పట్టించి మరీ ఊదింది. ఆ వాసనకి తనే ముక్కు మూసుకుంది.

"వేసుకోలేదు," అన్నాడాయన, ఎప్పటిలాగే ఆమె ముఖంలోకి తేరిపార చూసి.

ఆమె బిత్తరపోయింది. పెదవుల మీది చేపకీ పొట్టలోని చేపకీ తేడా పట్టేస్తోంది ఆ ముక్కు.

"ఎలా కనుక్కున్నారండీ?"

"ఇన్నేళ్ల అనుభవం ఊరికే పోతుందా?" అంటూ ఆయన కిటికీ వైపు తిరిగాడు.

ఇక ఈ మనిషితో వేగలేమని ఆ రోజు నుంచి కిక్కురుమనకుండా మింగడం మొదలుపెట్టింది.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. తను జబ్బుపడ్డాక ఆయన ఎంతో మారాడు. ఒకప్పుడు ఆమె టీకి వంక పెట్టని రోజు లేదు. ఇప్పుడు అడుగంటిన పాలతో చేసిచ్చినా "బ్రహ్మాండం" అని గుటగుటా తాగేస్తున్నాడు. మొన్న పక్కనే పొయ్యి మీద కూర మాడి బొగ్గవుతున్నా, పేపర్లోంచి తలెత్తి ఒక్క మాట అనలేదు. ఆ ఓర్పుకి ఆమె కళ్లు చెమ్మగిల్లాయి.

మందుల గుణమో, చేప గుణమో, వేళ్లు మెల్లగా దారికొచ్చాయి. ఆమె తిరిగి తన స్టూలెక్కిన వారంలోనే, టీ కంపెనీ మేనేజరు కేకు చెప్పడానికి బేకరీకి వచ్చాడు.

"వెనిలా కాస్త ఎక్కువే వేస్తానండీ. వాసన ఏమాత్రం తగ్గినా మా ఆయన ముక్కు ఒప్పుకోదు," అంది ఆమె గర్వంగా. "నేను మళ్లీ ఇక్కడ కూర్చున్నానంటే ఆ ముక్కు చలవే."

మేనేజరు అయోమయంగా చూశాడు.

"అదేంటమ్మా, కిందటేడు ఆ జ్వరంతో ఆయనకి వాసనలు తెలియడం పూర్తిగా పోయిందనే కదా, టీ రుచి చూసే గదిలోంచి తీసి గోదాములో పెట్టెల దగ్గర వేశాం."