వెండెల్ మిగిల్చిన తూటాలు

"ఇవి నువ్వు నింపినవే. నా కళ్ళముందు కాల్చు," అంటూ నోరీన్ తూటాల డబ్బాను తెచ్చి ఆర్విడ్ చేతిలో పెట్టింది.

డబ్బా సగం ఖాళీ. పోయినసారి వేటలో, అందులోంచి తీసిన ఒక తూటాకే ఆమె భర్త వెండెల్ తుపాకీ పగిలి ముఖం మీదికి వచ్చింది. మనిషి కొండ దిగకుండానే పోయాడు. పాత తుపాకీ, ఇనుము తట్టుకోలేకపోయి ఉంటుందని షెరీఫ్ కాగితాలు కట్టేశాడు. ఊరివాళ్ళు మాత్రం నోళ్ళు కట్టేసుకోలేదు. మా మోంటానాలో తూటాలు కొట్లో కొనుక్కునేవాణ్ణి చులకనగా చూస్తారు. ఇంట్లో బల్ల దగ్గర కూర్చుని, తుపాకీ మందు తూచి, ఒక్కోటీ తానే నింపుకుంటే గొప్ప. స్నేహితుడికి కూడా నింపిపెడితే మరీ గొప్ప. ఆ గొప్పకి పోయిన ఆర్విడ్‌కి చలికాలమంతా కంటి మీద కునుకు లేదు. కళ్ళు మూస్తే చాలు, తక్కెడలో మందు పోస్తున్న తన చెయ్యే కనిపించేది. ఎంత పోసినా ఆ చెయ్యి ఆగేది కాదు.

కంకర క్వారీలో మంచు ఇంకా పూర్తిగా కరగలేదు. ఆకాశం మబ్బుగా ఉంది. తుపాకీ బల్లకి ఎదురుగా, మూడుకాళ్ళ పీట మీద వేగం కొలిచే మీటరు పెట్టి ఉంది. నోరీన్ రాకముందే ఆర్విడ్ కొట్లో కొన్న తూటాలు పేల్చి దాన్ని సరిచూసుకున్నాడు. వాటి అట్టపెట్టె మీద అచ్చువేసిన వేగమే ఈ మబ్బులోనూ ఠంచనుగా చూపించింది.

"కాఫీ తాగుతావా?" అని ఫ్లాస్కు తీశాడు.

"నువ్వు పోసింది ఇంకేదీ మా ఇంటివాళ్ళు ముట్టుకోరు," అంది నోరీన్.

ఆర్విడ్ ఫ్లాస్కు మూత బిగించేశాడు.

"ఇంతకీ తప్పు నీదో కాదో ఆ పెట్టె ఎలా చెబుతుంది?"

"మందు ఎక్కువైతే గుండు వేగం పెరుగుతుంది. ఇవి సెకనుకి రెండువేల ఏడువందల అడుగులు పోవాలి. అటూ ఇటూగా ఉంటే సరే. మూడువేలు దాటితే వెండెల్‌ని నేనే చంపినట్టు."

"అంకె ముందు నేను చూస్తాను. తుపాకీని బల్లకి కట్టేసి, తాడుతో దూరం నుంచి లాగు."

"నా మీద అంత నమ్మకమా?"

"ఇంకో శవాన్ని ఇంటికి చేర్చే ఓపిక నాకు లేదు."

ఆర్విడ్ తన రైఫిల్‌ని బల్లకి కట్టి, ట్రిగ్గర్‌కి తాడు ముడేశాడు. ఇద్దరూ బండి చాటుకి వెళ్ళారు. తాడు లాగాడు. క్వారీ మారుమోగింది. నోరీన్ గబగబా నడిచి వెళ్ళి మీటరు చూసింది.

"రెండువేల ఏడువందల పన్నెండు."

ఆర్విడ్ ఊపిరి వదిలాడు.

"ఒకటి బాగుంటే అన్నీ బాగున్నట్టా? ఇంకోటి పెట్టు," అంది ఆమె.

రెండోదీ అంతే. మూడోది ఇంకాస్త తక్కువ. అంకె బాగున్న కొద్దీ ఆర్విడ్ నడుము నిటారుగా అవుతోంది, నోరీన్ గొంతు సన్నబడిపోతోంది. ఈవిడకి నన్ను హంతకుణ్ణి చేస్తే గాని మనసు చల్లబడదేమో అనుకున్నాడు. బాధేసింది, కోపమూ వచ్చింది.

"ఇంకా ఎన్ని కాల్చాలి నోరీన్? నేను తప్పు చెయ్యలేదంటే నీకంత కష్టంగా ఉందా?"

"అన్నీ కాల్చమన్నాను. కాల్చు పెద్దమనిషీ."

కాల్చాడు. చివరి తూటాకి ఆమె మీటరు ముందు వంగింది. అంకె పైకి చదవలేదు. ఆర్విడ్ వెళ్ళి చూసుకున్నాడు. రెండువేల ఆరువందల తొంభై ఎనిమిది.

అతను కంకరలో చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నేను కాదు. విన్నావా, నేను కాదు. ఇవాళ నిద్రపోతాను నోరీన్. ఊళ్ళో తలెత్తుకు తిరుగుతాను."

"అయితే నేనే," అంది నోరీన్.

ఆర్విడ్ తలెత్తాడు.

"నువ్విచ్చిన డబ్బాలో మూల గడి ఒకటి ఖాళీగా ఉంది. డబ్బా నిండుగా ఉంటే ఆయనకి బాగుంటుంది కదా అని, మా ఇంట్లో ఆయన బల్ల దగ్గర కూర్చుని ఒకటి నేను నింపాను. ఆయనకి చెప్పలేదు. ఆ రోజు తుపాకీలోకి అదే వెళ్ళింది, ఆ గడి ఖాళీ అయింది. నీవి పాడైనవని తేలితే నాది కాదనుకుని బతికేద్దామనుకున్నాను. నీవి బాగున్నాయి కదా."

"మందు ఏ డబ్బాలోంచి తీశావు?"

"కిటికీ పక్కన ఎర్ర డబ్బా ఉండేది, అందులోంచి. ఏం? అది కాదా?"

ఆ ఎర్ర డబ్బా ఆర్విడ్‌కి తెలుసు. అది పిస్తోలు మందు, భగ్గున మండిపోయే రకం. రైఫిల్ తూటా నిండా దాన్ని పోస్తే ఏ తుపాకీ ఆగదు. నోరీన్ అతని ముఖంలోకే చూస్తోంది. తన చలికాలమంతా ఆ కళ్ళలో కనిపించింది అతనికి.

"ఏ డబ్బా అయినా ఒకటేలే," అని ఆర్విడ్ లేచి, మోకాళ్ళ కంకర దులుపుకున్నాడు. "ఈ దిక్కుమాలిన మీటరు మబ్బు పడితే తక్కువ చూపిస్తుంది. నా తుపాకీ కొత్తది కాబట్టి తట్టుకుంది. మందు ఎక్కువ పోసింది నేనే నోరీన్."