రెండూ ఒక్కటే తూకం

"తాడు ఒగ్గేయండి," అంది రాజశ్రీ. "గౌరిని కసాయికి ఇస్తానంటే నేనొప్పుకోను."

వేణుగోపాల్ వదల్లేదు. తాడు ఒక కొస అతని చేతిలో, ఇంకో కొస భార్య చేతిలో. నడుమ నిలబడి మేక నెమరేసుకుంటోంది. ఈ పంచాయితీ తన ప్రాణం మీదేనని దానికేం తెలుసు? తఖత్‌పూర్ నుంచి వచ్చిన బేరగాడు ట్రాలీ తలుపు తెరిచి పెట్టి, "జల్దీ కరో భయ్యా" అని విసుక్కుంటున్నాడు.

"నీకెన్నిసార్లు చెప్పాలి?" అన్నాడు వేణుగోపాల్. "కవలల్లో ఒకటి బరువుగా, ఒకటి తేలిగ్గా పుట్టిందనుకో. బరువుది రెండోదాన్ని తోసేసి పాలన్నీ లాగేస్తాది. తేలికది పోతాది. అలా ఈనే మేకని ఉంచితే దాని కూతుళ్లూ అలాగే ఈనుతాయి. పిల్లలు ఒకే బరువుతో పుట్టే తల్లుల్నే ఉంచాలి. మంద బాగుపడాలంటే అదే దారి."

"గౌరి పిల్లలు రెండూ బతికే ఉన్నాయి కదండీ. ఆకు కూడా కొరుకుతున్నాయి. ఒకే బరువుతో పుట్టాయన్నవే మొన్న పోయాయి. దీని మతలబ్ ఏటి?"

అతనికి నిద్ర లేకుండా చేస్తున్న సంగతే అది. బిల్హా దగ్గర ఈ కొట్టం వేసినప్పటి నుంచీ తూకం చూసి తల్లుల్ని ఏరుతున్నాడు. తేడాగా ఈనినదాన్ని అమ్మేస్తున్నాడు. మిగిలినవన్నీ సమానంగా ఈనేవే. అయినా ప్రతి ఈతలోనూ పిల్లలు పోతూనే ఉన్నాయి. మేత మార్చాడు, మందులు తాగించాడు, కాలుగాలిన పిల్లిలా కొట్టం చుట్టూ తిరిగాడు. చివరికి గౌరి అక్కడుండడమే అరిష్టమేమో అన్నంత దాకా వెళ్లాడు. చదువుకున్నవాడు కదా, ఆ మాట పైకి అనలేదు.

"దీనికి తేడా వచ్చింది. మిగతావాటికి రాలేదు. అంతే."

"మిగతావాటిని తూచింది మావయ్య. దీని పిల్లల్ని తూచింది మీరు. ఆయన వచ్చేదాకా ఆగలేరా?"

"నాన్న తూకానికి వంక పెడతావా?"

"మీ తూకానికి పెడుతున్నాను."

ఆ మాట అతనికి తగలకూడని చోట తగిలింది. తండ్రి పైడిరాజు బిలాస్‌పూర్ స్టేషన్ పార్సిల్ ఆఫీసులో, కాటా ముందే తల నెరిసిన మనిషి. కొట్టంలో ఏ మేక ఈనినా పిల్లల్ని తూచేది ఆయనే, "రెండూ ఒక్కటే తూకంరా" అని కేకేసేది ఆయనే. గౌరి ఈనే వేళకి ఆయన కంటి ఆపరేషనుకని విజయనగరంలో కూతురింట్లో ఉన్నాడు. వేణుగోపాల్ తానే తూచాడు. నమ్మలేక మళ్లీ తూచాడు. కాటా మాట మార్చలేదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అన్నట్టు, మంద మొత్తంలో గౌరికే తేడా వచ్చింది.

"కాటా చెప్పిందే నేను చెప్పాను," అని తాడు గుంజుకున్నాడు. రాజశ్రీ అరచెయ్యి ఒరుసుకుపోయింది. ఆమె మేకపిల్లల్ని చెరో చంకనా పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

పిలవగానే గౌరి ట్రాలీ ఎక్కేసింది. కాస్త పేచీ పెట్టినా బాగుండేదనిపించింది వేణుగోపాల్‌కి. బండి మలుపు తిరిగి కనిపించకుండా పోయాక కూడా రోడ్డు మీదే తచ్చాడాడు. చేసింది మంచి పనేనని మనసుకి చెప్పుకున్నాడు గానీ, పట్టిన కుందేలుకి మూడే కాళ్లన్నానేమోనని లోపల ఎక్కడో గుచ్చుతూనే ఉంది.

స్టేషన్ వైపు నుంచి ఆటో వచ్చి ఆగింది. నల్లకళ్లద్దాలతో పైడిరాజు దిగాడు. చేతిలో సంచి కింద పెట్టకుండానే కొట్టంలోకి తొంగి చూశాడు.

"గౌరి ఏదిరా?"

"ఇప్పుడే అమ్మేశాను నాన్నా. నువ్వు లేనప్పుడు తేడాగా ఈనింది. ఒకటి కేజీ ఏడొందల గ్రాములు, ఒకటి కేజీ తొమ్మిదొందలు."

"అదేటి తేడారా? మన మందలో ఏ మేకా అంత దగ్గరగా ఈనలేదు."

వేణుగోపాల్ బండి పోయిన మలుపు కేసి చూశాడు. "అన్నింటికీ ఒక్కటే తూకమని నువ్వే కదా చెప్పావు?"

"ఒక్కటే మరి," అన్నాడు పైడిరాజు. "కేజీ మీద చిటికెడున్నా, రెండుకి చిటికెడు తగ్గినా రెండే కదా. కేజీ మీద ముక్కుంటే పై కేజీ కింద రాయకుండా పార్సిల్లో ఇంకెలా సేస్తార్రా?"