ఐదు వందల ఇరవై గజాలు

లోయ అవతలి గట్టు మీద పెద్ద ఎల్క్ దుప్పి కనబడగానే మా ఆయన ఆరిన్ బోర్లా పడుకుని తుపాకీ సర్దుకున్నాడు. మోంటానాలో ఎల్క్ వేటకు ఆ ఏటికి అదే ఆఖరి రోజు. మా ఇంట్లో ఫ్రీజరు ఖాళీగా ఉంది.

“మూడు వందల గజాలు కూడా ఉండదు లవాన్. కాల్చేస్తున్నా.”

“నీ కంటి కొలతతో కట్టిన గ్యారేజీలో ఇప్పటికీ కారు పట్టదు. ఆగు.”

మూడు వందల గజాలు దాటితే గురి తప్పుతుంది, దెబ్బతిన్న జంతువు అడవిలో పడి ఏడుస్తుంది. అంతకు మించి కాల్చకూడదని మా ఇద్దరి ఒప్పందం.

దిక్సూచితో ఎల్క్ ఉన్న దిక్కు చూశాను. గట్టు వెంబడి నూరు అంగలు వేసి మళ్ళీ చూశాను. మ్యాపు మీద రెండు గీతలు గీసి, అవి కలిసిన చోటికి స్కేలు పెట్టి కొలిచాను.

“ఎంత?”

“ఐదు వందల ఇరవై.”

“నీ స్కేలు తగలెయ్య! దాని కనురెప్పలు కనిపిస్తున్నాయే నాకు!”

“అయితే కన్ను కొట్టు. తుపాకీ మాత్రం దించు.”

ఆరిన్ తిట్టుకుంటూనే తూటా తీసేశాడు. నలభై నాలుగేళ్ళ కాపురంలో నా లెక్క ఒక్కసారీ తప్పలేదని ఆయనకు తెలుసు. ఎల్క్ తీరిగ్గా చెట్లలోకి వెళ్ళిపోయింది.

మ్యాపు మడిచి జేబులో పెట్టుకున్నాను. దాని మీద నేను రాసుకున్న అంకె రెండు వందల ఎనభై.

ఎల్క్ మాంసం రెండు వందల ఇరవై పౌండ్లు. అదంతా లోయలోంచి పైకి మోయాలి. వేసవిలో గుండె ఆపరేషన్ అయిన మనిషి సగం దారిలో కూలబడితే, నేను మోయాల్సింది ఇంకో నూట తొంభై.