తెల్ల కాగితప్పువ్వు

"మా చిహారుకి తెల్లదే ఇవ్వండి" అంది టోమె, పిల్లల బడి గుమ్మంలో చెప్పులు విప్పుతూనే.

నుకాగా టీచరు చేతిలో పల్చటి కాగితాల కట్టలు రెండున్నాయి, ఒకటి ఎరుపు, ఒకటి తెలుపు. ఆమె టోమె వెనకాల నిలబడ్డ కోడలు ఫుమియే వైపు చూసింది. ఫుమియే ఆ చూపు తప్పించుకుని తడిగొడుగును మూలన ఆనించింది. చిహారు అప్పటికే లోపలికి పరిగెత్తి తన పీటమీద కూర్చుంది.

రేపు అమ్మల పండుగ. అమ్మ ఉన్నవాళ్ళు గుండెమీద ఎర్రపువ్వు పెట్టుకోవాలి, అమ్మ లేనివాళ్ళు తెల్లపువ్వు. ఊరంతా పాటించే పద్ధతే. టీచరు నిన్ననే ఆ మాట పిల్లలకు అరటిపండు ఒలిచినట్టు చెప్పింది. మూడేళ్ళ బుర్రలకు ఎంతవరకు ఎక్కిందో దేవుడికే తెలియాలి.

"అత్తయ్యా, ఈ ఒక్క ఏడూ ఎర్రది పెట్టుకోనివ్వండి" అంది ఫుమియే మెల్లగా. "అంతమంది పిల్లల్లో అదొక్కతే తెల్లపువ్వుతో..."

"అదొక్కతే అయితే అదొక్కతే. తల్లి పోయిన పిల్ల ఎర్రపువ్వు పెట్టుకుని తిరిగితే ఊళ్ళో నలుగురూ ఏమంటారు? నువ్వు మీ అమ్మ ఫొటోకి రోజూ అన్నం పెట్టుకుంటావు. నేనెప్పుడన్నా వద్దన్నానా? దాన్ని కన్నతల్లికి ఏడాదికొక కాగితప్పువ్వు దక్కితే నీకొచ్చిన కష్టమేమిటి?"

అత్తగారు గయ్యాళి అయితే ఫుమియే తిట్టుకునైనా తృప్తి పడేది. కానీ టోమె పోయిన మొదటి కోడల్ని కన్నకూతురిలా చూసుకున్న మనిషి. ఆమె ముందు ఇంకోసారి అడగడానికి ఫుమియేకి మనసొప్పలేదు.

నిజానికి ఫుమియే కోరింది పెద్దదేం కాదు. చిహారు నాన్నను పెళ్ళాడి ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాటినుంచీ చిహారుకి తల దువ్వేది ఆమే, జ్వరమొస్తే ఒళ్ళో వేసుకుని కూర్చునేది ఆమే. పిల్ల కూడా ఆమె చెయ్యి వదలదు. పిలుపు మాత్రం "పిన్నీ" అనే. టోమె అలాగే నేర్పింది. రేపు ఆ బుల్లి గుండెమీద ఎర్రపువ్వు కనిపిస్తే చాలు, అమ్మా అని పిలవకపోయినా పిలిచినట్టే అనుకుని సంబరపడదామనుకుంది. ఆ ఆశ గుమ్మం దాటకముందే తేలిపోయింది.

టీచరు చిహారు ముందు తెల్లకాగితాలు పెట్టింది.

కాగితాలను విసనకర్రలా మడిచి, నడుమ దారం బిగించి ముందే సిద్ధం చేశారు. పిల్లలు చేయాల్సిందల్లా ఒక్కొక్క పొరనే చిరక్కుండా పైకి లేపడం. చెప్పినంత సులువా అది? ఒకడు రెండు ఎర్రపొరలు చింపి చిహారు పక్కన పడేసి, మూడోది నోట్లో పెట్టుకున్నాడు. ఇంకొకతె పువ్వును నేలకేసి కొట్టి ఏడుపు అందుకుంది. గోడవారగా కూర్చున్న తల్లులు నవ్వుతున్నారు. ఫుమియే కూడా వాళ్ళతో పాటు నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

చిహారు ఏడవలేదు, మారాం చేయలేదు. నాలుక కొస బయటపెట్టి, ఊపిరి బిగబట్టి ఒక్కొక్క పొరా లేపింది. మిగతా పిల్లలు లేచి ఆటలకు పోయినా, అందరికీ వీపు తిప్పి ఇంకా ఏదో చేస్తూనే ఉంది. చివరికి లేచి నిలబడేసరికి చేతిలో తెల్లపువ్వు ఉంది. అక్కడక్కడ చిరిగినా, పువ్వే.

టోమె కళ్ళు చెమర్చాయి.

"ఇటు రా బంగారూ. రేపంతా గుండెమీద పెట్టుకుని, సాయంత్రం అమ్మ ఫొటో ముందు పెడదాం."

చిహారు నానమ్మను దాటుకుని వచ్చి ఫుమియే ముందు ఆగింది.

"ఇది పిన్నికి."

టీచరు కత్తెర కింద పెట్టేసింది.

"తప్పమ్మా" అంది టోమె గబుక్కున లేచి. "తెల్లది పోయినవాళ్ళకి. బతికున్న మనిషికి ఇస్తారా ఎక్కడన్నా? అశుభం."

ఈ పిల్ల లెక్కలో నేను లేనిదాన్నేనా అనుకుంది ఫుమియే. పసిదానికేం తెలుసని సర్దిచెప్పుకోబోయినా కళ్ళల్లో నీళ్ళు ఆగలేదు. అయినా మోకాళ్ళమీద కూర్చుని చెయ్యి చాపింది.

"పోనీండి అత్తయ్యా. తన చేత్తో చేసింది. తెల్లదైతేనేం, నేను తీసుకుంటాను."

"చేతిలో కాదు" అంది చిహారు. పువ్వును తెచ్చి ఫుమియే గుండెమీద అదిమిపెట్టింది. "ఇక్కడ. పిన్నికి అమ్మ లేదుగా. ఫొటోలో ఉంది. రోజూ అన్నం పెడతాం, గంట నేను కొడతా."

ఫుమియే ఆ చిన్న చేతిమీద తన చెయ్యి వేసి అలాగే పట్టుకుంది. టోమె మనవరాలి ముఖంలోకి వంగి చూసింది. ఆమె గొంతులో ఇందాకటి బిగువు లేదు.

"మరి నీ పువ్వేదే?"

చిహారు జేబులో చెయ్యి పెట్టి, నలిగి ఉండలా చుట్టుకుపోయిన ఎర్రకాగితాన్ని తీసి ఫుమియేకి అందించింది.

"నాది ఇది. పెట్టు, అమ్మా."