రాహుకాలంలో బయానా

శ్యామ్ బాబు దగ్గర పాత బండి బేరానికెళ్తే, పక్కనే ఇంకో కొనేవాడు నిలబడి ఉంటాడట. వాడు కొనడట. రేటు పెంచేసి పోతాడట. పక్కింటి కుసుమకి ఆమె తోడికోడలు చెప్పిందట.

ఆ మాట వెంకటసాయి చెవిలో దోమలా తిరుగుతూనే ఉంది.

కొత్తపేటలో శ్యామ్ బాబు షెడ్డులోకి అడుగు పెట్టేసరికి, నిజంగానే ఒకతను బండి పక్కన కూర్చుని ఉన్నాడు. యాభై ఏళ్లుంటాయి. చేతుల నిండా చిన్న చిన్న కాలిన మచ్చలు.

వెంకటసాయి అతన్ని చూడనట్టే బండి చూశాడు.

ఒక్క కిక్కుకే స్టార్టయింది. సైలెన్సర్ వెనక చెయ్యి పెట్టాడు. నూనె తగల్లేదు. బ్రేకులు, చైను, టైర్లు నొక్కి చూశాడు. ట్యాంకు మీద ‘అమ్మ దీవెన’ స్టిక్కరు. హ్యాండిలు కింద, ఛాసిస్ మెడ దగ్గర, నల్లరంగు కొత్తగా మెరుస్తోంది.

“చూసేరా, ఎంత శుభ్రంగా వాడేరో!” అన్నాడు శ్యామ్ బాబు.

“ఆయ్,” అన్నాడు వెంకటసాయి. సోమవారానికి బండి కావాలి. అది తప్ప అతనికింకేం తోచడం లేదు.

కూర్చున్న మనిషి ఆ కొత్త రంగు మీద బొటనవేలితో రుద్దుతున్నాడు.

“వెనకాల ఎవరెక్కుతారండీ?” అనడిగాడు.

“మా ఆవిడండి, హేమ. వారానికి మూడుసార్లు అమలాపురంలో డయాలసిస్. మా లంక ఊరికి బస్సు రాదు. ఆటోలకి ఇచ్చుకోలేకపోతున్నాం.”

“వచ్చేటప్పుడు కళ్ళు తిరిగితే?”

“తువ్వాలుతో నా నడుముకి కట్టేసుకుంటానండి.”

బొటనవేలు ఆగిపోయింది.

బేరం నలభై రెండు వేల దగ్గర తెగింది. చక్రాల కింద పెట్టడానికి వెంకటసాయి జేబులో నిమ్మకాయలు కూడా ఉన్నాయి. గడియారం చూసుకున్నాడు. శుక్రవారం, పదకొండూ నలభై.

“పన్నెండు దాకా రాహుకాలమండి. ఇరవై నిమిషాలాగి బయానా ఇస్తాను.”

“అలాగేనండి. మీ నమ్మకం మీది.”

“నలభై అయిదు,” అన్నాడు ఆ మనిషి లేచి.

శ్యామ్ బాబు తెల్లబోయాడు. “నీకెందుకయ్యా ఈ బండి?”

“నాకు రాహుకాలం లేదు. ఇదుగో బయానా. మిగతాది సాయంత్రానికి తెస్తాను, నా ఇల్లు నీకు తెలుసుగా.”

ఇద్దరికీ ముందే పరిచయం! కుసుమ చెప్పింది నిజమే!

“ఇప్పుడే కదండీ మా ఆవిడ సంగతి చెప్పేను?” అన్నాడు వెంకటసాయి.

ఆ మనిషి బయానా నోట్లు శ్యామ్ బాబు చేతిలో పెట్టాడు.

“జబ్బు మనిషి నోటి దగ్గరది లాక్కున్నావు. దాని ఉసురు నీకు తగలకపోదు!”

షెడ్డులో అందరూ ఇటే చూశారు. ఆ మనిషి తల వంచుకుని బండి బయటికి నడిపించాడు. స్టార్టు చెయ్యలేదు. ఎండలో రోడ్డు పొడుగునా తోసుకుంటూనే పోయాడు.

“కొన్న బండి తోసుకెళ్ళేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను,” అని ఎవరో నవ్వారు.

ఇరవై రోజుల తర్వాత, మరో బండి చూడ్డానికి వెళ్తూ పాత ఇనుము కొట్టు ముందు వెంకటసాయి ఆగిపోయాడు.

‘అమ్మ దీవెన’ ట్యాంకు. దాని పక్కనే ఛాసిస్, రెండు ముక్కలుగా.

“ఎవరమ్మేరండీ దీన్ని?”

“ముత్యాలరాజండి. గన్నవరం కాలవ లాకుల దగ్గర ఉంటాడు. తనే కోసి తెచ్చేడు. ఎంతిస్తే అంత పట్టుకెళ్ళేడు.”

మా నోరు కొట్టి తెచ్చుకుని ముక్కలు చేస్తాడా! వెంకటసాయి ఒళ్ళు మండిపోయింది. నేరుగా ఆ ఇంటికే వెళ్ళాడు.

ముత్యాలరాజు భార్య వీరాయమ్మ వాకిట్లో కొబ్బరి ఈనెలు తీస్తోంది. వెంకటసాయి అరిచిందంతా చివరిదాకా విన్నది.

“తువ్వాలు కట్టుకుంటానన్నది మీరేనా బాబూ?” అంది.

వెంకటసాయి తల ఊపాడు. “ఆయ్.”

“ఆ బండి మెడ విరిగిపోతే అతికింది మా ఆయనే. శ్యామ్ బాబు చెబితే అతుకు కనపడకుండా రంగేసిందీ ఆయనే. గట్టిగా బ్రేకేస్తే మళ్ళీ విరుగుతుందని ఆయనకి తెలుసు.”

వెంకటసాయి వాకిలంతా కలయజూశాడు.

“ఆయనేరండీ?”

“కొబ్బరికాయలు వలవడానికెళ్ళేరు. వెల్డింగు మిషను అమ్మేసేరుగా, ఆ బండి కోసం.”

వెంకటసాయి ఆమె ఎదుట కూర్చున్నాడు.

“నాతో ఒక్క మాట చెబితే సరిపోయేది కదండీ. నేను కొనేవాణ్ణే కాదు.”

వీరాయమ్మ ఈనెల మీంచి తల ఎత్తలేదు.

“మీరు కొనరు బాబూ. ఇంకోడు కొంటాడు.”