బాబాయ్ కాటుక

"కట్!" అని అరిచాడు డైరెక్టరు. అది ఏడో టేకు.

తల్లి వేషం వేసే నటి మంచం పక్కన అలాగే కూర్చుండిపోయింది. సీనులో కొడుకు ఇల్లు వదిలి పోయాడు. ఆమె వాడి చొక్కా పట్టుకుని ఏడవాలి. చొక్కా పట్టుకుంది. గొంతు వణికింది. కంట్లో మాత్రం చుక్క లేదు.

"అమ్మా, కొడుకు ఇల్లొదిలి పోయాడా, కూరగాయలు తేవడానికి వెళ్ళాడా? మీ కళ్ళు చూస్తే తెలియట్లేదు. పోనీ గ్లిజరిన్ వేసుకోండి, తప్పేముంది?"

"ఇరవై ఏళ్ళ సర్వీసులో ఆ సీసా నా కంటిని ముట్టలేదయ్యా."

"అయితే నీళ్ళు రావాలిగా! భోజనాలయ్యాక ఒక్క టేకు తీస్తాను. రాకపోతే ఏడుపు కోడలికిచ్చేస్తా. మీరు పక్కన నిలబడి ఓదారుద్దురు గాని."

ఎవరూ నవ్వలేదు. ఆమెకి ఇరవై ఏళ్ళుగా వేషాలు వస్తున్నది ఆ ఏడుపు వల్లే. నాటకాల నుంచి వచ్చిన మనిషి, ఆమెవి నిజం కన్నీళ్ళు అని చానెల్ వాళ్ళే చెప్పుకుంటారు. కోడలి వేషం వేసే పిల్లకి సీసా కోడలు అని పేరు పెట్టింది కూడా ఆమే.

ఆ పిల్ల దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అంది. "అత్తయ్యా, నా సీసా ఇవ్వనా? ఎవరూ చూడరు."

"ఎగతాళా?"

"ఒట్టు అత్తయ్యా, ఎగతాళి కాదు."

ఆమె తినలేదు. మేకప్ కూడా తుడుచుకోకుండా స్టూడియో వెనక వీధికి నడిచింది. దారిలో కొట్టు ఆవిడ గుర్తుపట్టి పలకరించింది. "ఏమ్మా, ఈ వారం కూడా మమ్మల్ని ఏడిపిస్తారా?"

"చూద్దాం" అంది ఆగకుండా.

ఆ వీధి చివర ఇల్లు మేకప్ బాబాయ్‌ది. నాటకాల రోజుల నుంచీ ఆమె మొహానికి రంగు వేసేది ఆయనే. మొన్న కంటి ఆపరేషన్ అయింది. ఆయన బదులు ఎవరో కొత్తమ్మాయి వస్తోంది.

బాబాయ్ మంచం మీద గోడకి ఆనుకుని ఉన్నాడు. ఒక కంటికి కట్టు. రెండో కంటి చూపు కూడా ఈమధ్య అంతంత మాత్రమే.

"ఎవరూ?"

"నేనే బాబాయ్. నా పనైపోయింది."

"ఏమైందమ్మా?"

"ఏడుపు రావట్లేదు. ఏడు టేకులు తిన్నాను. లోపల ఎండిపోయింది. ఇవాళే మానేస్తానని చెప్పేస్తా. వచ్చే నెల నాటకం కూడా వద్దంటాను."

బాబాయ్ భార్య మంచినీళ్ళిచ్చి వంటింట్లోకి వెళ్ళింది. ఆవిడ వెళ్ళేదాకా ఆగి ఆయన అడిగాడు.

"కొత్తమ్మాయి కాటుక పెట్టిందా?"

"పెట్టింది. కాటుకదేముంది? నీ చెయ్యి చల్లగా ఉండేది, అంతే తేడా."

"ఆ చల్లదనం చెయ్యిది కాదమ్మా. కాటుకది."

ఆమె గ్లాసు కింద పెట్టింది.

"అందులో పుదీనా పువ్వు నూరి కలుపుతాను. జలుబు మందులో వేస్తారే, అది. ఏడుపు సీను ఉన్న రోజే పెడతాను. కాసేపటికి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి."

"ఎప్పట్నుంచి?"

"మీ మొదటి సీరియల్ నుంచి. స్టేజీ మీద మీ గొంతు వింటే చివరి వరస వాళ్ళు కూడా కళ్ళు తుడుచుకునేవాళ్ళు. కెమెరాకి గొంతు చాలదు. మొదటి రోజు మీకు నీళ్ళు రాలేదు. ఇంకో ఆవిణ్ణి పిలవమని అప్పటి డైరెక్టరు అనడం విన్నాను. సీసా ఇస్తే మీరు విసిరికొడతారు. అందుకని..."

"అందుకని ఇరవై ఏళ్ళు నన్ను వెర్రిదాన్ని చేశావు."

బాబాయ్ కంటి కట్టు సర్దుకున్నాడు.

"ఆ పిల్లని సీసా కోడలన్నాను. నేనేమో కాటుక డబ్బా అత్తని." ఆమె లేచింది. "ఒక్కసారైనా నిజంగా ఏడ్చానా బాబాయ్?"

"చెప్పలేనమ్మా. కాటుక ఉండగా ఎలా తెలుస్తుంది?"

గుమ్మం దాకా వెళ్ళి నిలబడింది. మళ్ళీ వెనక్కి వచ్చి చెయ్యి చాపింది.

"ఆ డబ్బా ఇలా ఇవ్వు."

ఆయన తల దగ్గర కిటికీ గూట్లో తడిమి డబ్బా తీసి ఇచ్చాడు. "కొంచెమే పెట్టండి. ఎక్కువైతే మండుతుంది."

సాయంత్రం అయిదింటికి బాబాయ్ ఫోను మోగింది.

"ఒక్క టేకులో అయిపోయింది" అంది ఆమె. గొంతు బొంగురుపోయి ఉంది. "డైరెక్టరు చప్పట్లు కొట్టాడు. ఆ పిల్ల వచ్చి కావలించుకుంది."

"మంచిదమ్మా."

"ఏం మంచిది? ఎంత కలిపావయ్యా అందులో? కట్ చెప్పాక కూడా ఆగలేదు. మొహం కడుక్కున్నా ఆగలేదు. ఇప్పటికీ కారుతూనే ఉన్నాయి. ఇకమీదట సగం తగ్గించు. నీ మీద కోపం పోలేదు, చెప్తున్నా."

"సరేనమ్మా. తగ్గిస్తాను."

ఫోను పెట్టేసి నవ్వుకున్నాడు. ఆయన భార్య అద్దం, దువ్వెన పట్టుకొచ్చి కిటికీ గూట్లో దేనికోసమో వెతికింది.

"ఆవిడకి ఏ డబ్బా ఇచ్చారు?"

"నా కాటుక డబ్బా. అక్కడే ఉంటే ఇచ్చాను."

"మీది ఆపరేషన్ రోజే మేకప్ పెట్టెలో పెట్టి తాళం వేశాను. ఇక్కడున్నది నేను పెట్టుకునే కాటుక."