ఏరిన మేకులు

"సభకి మేకుల డబ్బా కూడా పట్టుకుని రమ్మన్నారు కదండీ, మర్చిపోకండి," అంది భార్య, దారం పళ్లతో కొరుకుతూ.

"నేనే రానంటుంటే డబ్బా గొడవేంటి?"

ఆమె పట్టించుకోలేదు. ఒళ్లో మామగారి ప్యాంటు ఉంది. ముందు వరసలో కూర్చోబోయే మనిషికి జేబు చిరిగి వేలాడితే నలుగురిలో పరువు పోతుందని కుడుతోంది. ఎంత గట్టిగా కుట్టినా ఆయన జేబు నిలవదు. పానాలూ స్క్రూడ్రైవర్లూ మోసిన మనిషికి పని మానేసినా జేబు బరువు తగ్గలేదని ఆమె వేళాకోళం.

మలుపులో ఉన్న పంక్చర్ షాపు ఆయన పెట్టిందే. మోకాళ్లు మొరాయించాక కొడుక్కి వదిలేశాడు. షుగరుందని డాక్టరు నడవమన్నాడు. అప్పటి నుంచి తెల్లవారగానే చేతికర్ర పట్టుకుని వంతెన దాకా వెళ్లొస్తాడు. కాస్త ఎడంగా వెనకాలే కొడుకు సైకిలు నడిపించుకుంటూ వెళతాడు. సైకిలు వెనక తాడుకు పాత స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతం కట్టి ఉంటుంది. అది రోడ్డుకు గరగరా రాసుకుంటూ దొరికిన మేకునల్లా పట్టుకుంటుంది. వీధిలో అందరూ అతన్ని అయస్కాంతం అనే పిలుస్తారు. ముసలి తండ్రిని ఒంటరిగా వదలడనీ, పనిలో పనిగా ఊరికింత మేలు చేస్తాడనీ రెండింతలు మెచ్చుకుంటారు.

మెచ్చుకోనిది తండ్రి ఒక్కడే. మేకులు తగ్గేకొద్దీ బేరమూ తగ్గింది మరి. "నీ కంచంలో నువ్వే మన్ను పోసుకుంటున్నావురా. ఈ దుకాణం ఊరికే నిలబడలేదు," అని గొణుగుతాడు. కొడుకు తలొంచుకుని ట్యూబుకు గాలి కొట్టుకుంటాడు. తండ్రికి ఎదురు చెప్పి ఎరగడు.

కమిటీ వాళ్లు ఈ ఏడు ఊరికి సేవ చేసినవాళ్లను సన్మానించాలనుకున్నప్పుడు అతని పేరు చెప్పింది నర్సమ్మ. ఒకప్పుడు ఆమె డ్యూటీ దిగి స్కూటీ మీద వస్తుంటే, ఆ మలుపులోనే టైరు పేలి పడిపోయింది. కాలు విరిగింది. అతికింది గానీ కుంటు మిగిలిపోయింది. ఆ రోజు ఆమెను ఎత్తి ఆస్పత్రికి చేర్చింది అతనే. తర్వాత టైరులోంచి మేకు లాగి, దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. మర్నాడే సైకిలుకు అయస్కాంతం కట్టాడు.

అలాంటి మనిషి పిలిస్తే రానని ఎలా అనగలడు? వెళ్లాడు. సభ కోసం ఆ పొద్దున నడక కూడా మానుకున్నారు.

హాల్లో వేదిక పక్కన బల్ల మీద డబ్బా పెట్టించారు. అనాథ శవాలకు గొయ్యి తవ్వే తాతా, సాయంత్రాలు ఉచితంగా పాఠాలు చెప్పే టీచరమ్మా వచ్చి డబ్బాలోకి తొంగిచూసి అబ్బురపడ్డారు. వడ్రంగి మాత్రం పిడికెడు తీసి వెలుతురుకు పెట్టి చూశాడు.

"అన్నీ ఒకటే సైజు. ఒక్కదానికీ తుప్పు లేదు. ఏం బావా, చల్లేది నువ్వే, ఏరేది నువ్వేనా?"

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. కమిటీ కార్యదర్శి వడ్రంగిని కసిరాడు. డబ్బా తెచ్చిన అతను మాత్రం నవ్వలేదు, కాదనలేదు. డబ్బా మీద మూత పెట్టి, ఆ మూత మీద చెయ్యి తీయకుండా నిలబడ్డాడు.

జ్ఞాపిక ఇవ్వడానికి నర్సమ్మే వచ్చింది. వేదిక మెట్లు ఒక్కొక్కటే, కాలు ఈడ్చుకుంటూ ఎక్కింది. అతను తల తిప్పుకున్నాడు.

"మేకులు వేసినవాడి సంగతి దేవుడు చూసుకుంటాడు. ఏరినవాడి సంగతి మనం చూసుకోవాలి," అందామె మైకులో. హాలంతా చప్పట్లు.

మైకు అతని చేతికొచ్చింది.

"ఈ సన్మానానికి నేను తగను."

చప్పట్లు.

"వినయానికి అనడం లేదు. నిజంగానే తగను."

ఇంకా గట్టిగా చప్పట్లు. అతను నర్సమ్మ కాలి వంక చూశాడు. ఏదో చెప్పేద్దామని నోరు తెరిచాడు. ముందు వరసలో తండ్రి చేతికర్ర పక్కన పడేసి లేచి నిలబడ్డాడు. పక్కవాడి భుజం తట్టి, "మావాడే" అంటున్నాడు. కళ్లు తుడుచుకుంటున్నాడు.

"ఇది నాకు తప్పని పని," అనేసి అతను మైకు పక్కన పెట్టాడు. వంగి నర్సమ్మ పాదాలు తాకబోతే ఆమె కంగారుపడి వెనక్కి జరిగింది. అతను వేదిక దిగిపోయాడు.

ఇంటికొచ్చాక భార్య జ్ఞాపికను దుకాణంలో గాలిపంపు మీది అరలో పెట్టి, నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుంది. అతను దాన్ని గోడవైపు తిప్పాడు. ఆమె మళ్లీ ఇటు తిప్పింది.

"సిగ్గు పడాల్సింది వాడండీ. మీరు ఏరుతూనే ఉన్నారు, వాడు చల్లుతూనే ఉన్నాడు. ఎవడో తెలిస్తే నర్సమ్మ ఇంటికి ఈడ్చుకెళ్లి కాళ్ల మీద పడేయాలి."

అతను జ్ఞాపికను మళ్లీ గోడవైపే తిప్పాడు.

తండ్రి లోపలి గదిలో తన పాత పనిముట్ల పెట్టె దగ్గర కాసేపు కూర్చుని, బట్టలైనా మార్చుకోకుండా చేతికర్రతో బయటికొచ్చాడు.

"పొద్దున నడక తప్పింది. అలా వంతెన దాకా వెళ్లొస్తాను."

కొడుకు సైకిలు తీశాడు.

"ఇవాళ కూడానా? సన్మానం జరిగిన రోజైనా మానకూడదూ?" అంది భార్య.

"ఆయన మానితే నేనూ మానతాను," అన్నాడతను, తాడు ముడి సరిచూసుకుంటూ.

నాన్న మీద ఎంత ప్రేమో అనుకుంటూ ఆమె నవ్వుకుని లోపలికి వెళ్లింది. అతను రోడ్డెక్కాడు. అయస్కాంతం గరగరలాడింది.

ముందు నడుస్తున్న తండ్రి జేబులోంచి పిడికెడు మేకులు తీసి రోడ్డు మీద చల్లాడు.